యంత్రం చదవని సగం

ఫోను మోగేసరికి నాగేందర్ చేతులు రెండూ మోచేతుల దాకా నీళ్లలో ఉన్నాయి. భార్య ఉమారాణికి బీడీ ఆకు తడిపి పెట్టడం రోజూ ఆ వేళకు అతని పని. తునికాకు కట్ట విప్పాలి, బకెట్లో ముంచాలి, విదిలించి తడి గోనెపట్టాలో చుట్టాలి. ఎక్కువ తడిస్తే ఆకు నల్లబడుతుంది, తక్కువ తడిస్తే చుట్టేటప్పుడు చిట్లుతుంది. ఎన్నిసార్లు విదిలించాలో అతని చేతికే తెలుసు, అడిగితే అతను చెప్పలేడు.

ఉమారాణి ఫోను తెచ్చి అతని చెవికి ఆనించి పట్టుకుంది. ఫ్యాక్టరీలో చెరుకు విభాగం మేనేజరు పరమేశ్వర్.

"నాగేందర్ అన్నా, నీ ఫైలు ఉంటదంట. హైదరాబాదోళ్లు ఒప్పుకున్నరు. కని ఒక షరతు పెట్టిండ్రు. ఇయ్యాల అయిదింటి లిస్టు ఆ పిల్ల ఒక్కతే తియ్యాలె. నువ్వు కీబోర్డు ముట్టద్దు. తీసిందా, ఫైలు ఉంటది. తీయలేదా, రేపటి సంది అంతా వాళ్ల లెక్కనే."

"ముట్ట సార్. ఒట్టు, ముట్ట."

ఉమారాణి ఫోను దించి కొంగుతో తుడిచింది. "ఏమంటుండు?"

"ఉంటదంట."

"ఏముంటది? నౌకరా?"

"నౌకరి ఇయ్యాల్టితోటి అయిపాయె కద. ఫైలు."

"పెండ్లినాడు సుత నువ్వు ఇంత నవ్వలే," అంది ఉమారాణి. అన్నదే కానీ తనూ నవ్వింది. అతని చేతుల నుంచి కారిన నీళ్లతో కట్టలో పైవరస ఆకు అవసరానికి మించి తడిసింది. ఆమె దాన్ని చూసీ చూడనట్టు పక్కకు తీసి ఎండలో పరిచింది.

బోధన్ దాటాక ఉన్న ఆ చక్కెర ఫ్యాక్టరీ నుంచి ప్రతి సాయంత్రం అయిదింటికి ఒక లిస్టు బయటికి పోతుంది. మరునాడు ఎవరి చెరుకు కొట్టాలో అది చెబుతుంది. కటింగ్ ఆర్డరు అంటారు. నాటిన తేదీని బట్టి కంప్యూటరు వరుస కడుతుంది. కట్టే ముందు నాగేందర్ రాసి పెట్టిన ఒక ఫైలును కూడా చూస్తుంది. దాని పేరు 'ఆగు'. రైతు నంబరు అందులో ఉంటే, దాని పక్కన రాసినన్ని రోజులు ఆ ఇంటి చెరుకు జోలికి ఎవరూ పోరు. పెళ్లి ఉంటే ఆగాలి. చావు జరిగితే పదకొండు రోజులు గడిచేదాకా ఆ ఇంటి చేలో కత్తి పెట్టకూడదని ఆ ఊళ్ల పట్టింపు. కొత్త సాఫ్ట్‌వేరు హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి రేపు వస్తోంది. దానికి నాటిన తేదీలు తెలుసు, పట్టింపులు తెలియవు. 'ఆగు' ఉంటుందా, పోతుందా అన్న ఒక్క సంగతే నెల రోజులుగా నాగేందర్‌కు అన్నం సహించనివ్వలేదు.

ఆ రోజు అతను మోపెడ్ మీద కాస్త వేగంగానే వెళ్లాడు. జనవరి చలిలో రోడ్డుకు రెండు పక్కలా చెరుకు తెల్లగా పూసి ఉంది. ఫ్యాక్టరీ ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా కాగుతున్న రసం వాసన మొదలైంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ వాసనకు ముక్కు మూసుకుంటారు. అతను మాత్రం గుండెనిండా పీల్చుకున్నాడు. గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గంగాఖేడ్ నుంచి వచ్చిన చెరుకు కొట్టే గుంపువాళ్లు రొట్టెలు తింటూ మరాఠీలో ఎవరినో ఎగతాళి చేసి నవ్వుకుంటున్నారు.

అతను పొట్టిమనిషి. కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం కిందికి ఉంటుంది. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో కాంటా దగ్గర నిలబడి బరువు చీటీలు రాసిన ఏడేళ్ల వంగుడు అది. కుడిచేతి చిటికెన వేలు చిన్నప్పుడే కొడవలికి సగం పోయింది. అందుకే ఎంటర్ మీటను అందరిలా చిటికెన వేలితో కాక ఉంగరపు వేలితో నొక్కుతాడు, మెల్లగా, తలుపు తట్టినట్టు.

చెరుకు ఆఫీసు వెనక అతని గది. ఒక టేబులు, రెండు కుర్చీలు, యార్డు కనిపించే కిటికీ. తొంభై తొమ్మిదిలో పుణె నుంచి ఒక ఇంజనీరు కంప్యూటరు తెచ్చి ఎనిమిది రోజులు ఉన్నాడు. వెళ్లేటప్పుడు నోటుబుక్కులో నలభై కమాండులు రాసి ఇచ్చి, మిగతావి దాన్నే అడుగు, చెబుతుంది అన్నాడు. నాగేందర్ అడిగాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ కునుకు తీసే అరగంటలో, నల్ల తెర మీద ఒక్కో కమాండు పేరు కొట్టి, అది చూపించే ఇంగ్లీషును నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాడు. అలా ఏడాది. మొదటిసారి పది కమాండులు వరుసగా రాసి ఒక్క మాటతో నడిపించిన రోజున, పక్కన ఎవరూ లేక, కిటికీలోంచి యార్డులోని ఎద్దుకు చెప్పాడు. ఎద్దు తల ఊపింది. అది ఈగల కోసం ఊపినా అతనికి సంతోషమే అయింది. స్క్రిప్టు అనే మాట అప్పటికింకా వినలేదు. చీటి అనేవాడు, ఇప్పటికీ అదే అంటాడు. పనిమనిషికి చీటీ రాసి ఇచ్చినట్టు.

"సార్, మిఠాయి!" అంటూ సంజన లోపలికి వచ్చింది.

సంజనది మోర్తాడ్. నిజామాబాదులో ఇంజనీరింగు చదివింది. పెళ్లయి ఇరవై రెండు రోజులు, ఉద్యోగంలో చేరి పది. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. ఆ పసుపు వాళ్ల బాపు చేలోదేనని చేరిన రోజే అందరికీ చెప్పింది. అత్తగారిల్లు బోధన్‌లో. భర్త మహేష్‌కు అక్కడే మొబైల్ రిపేరు షాపు ఉంది. గంటకు ఒకసారి అతని నుంచి మెసేజి వస్తుంది, గంటకు ఒకసారి ఆమె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంటుంది.

"ఏమిటికి మిఠాయి?"

"ఏం లేదు సార్. నిన్న మా ఆయన మొదటిసారి చాయ్ పెట్టిండు. చక్కెర బదులు ఉప్పేసిండు. నేను తాగిన."

"దానికి మిఠాయా?"

"తాగిన కద సార్!"

నాగేందర్ మేనేజరు మాట చెప్పాడు. ఆమె చేతిలోని డబ్బా మూత సగంలో ఆగింది.

"నేనొక్కదాన్నా?"

"నేను ఈ కుర్చీల ఉంట. నోరు ఉంటది, చేతులు ఉండయి."

పొద్దుటి నుంచీ అతను తనకు తెలిసినదంతా ఒక్కరోజులో ఆమె ముందు పోశాడు. ఒక వరుసంటూ లేదు. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు.

"ఏదన్న తుడిచేటప్పుడు, ఆ పేరుతోటే ముందుగాల చూపియ్యమను. ఏమేం చూపిస్తదో కండ్లతోటి చూడు. చూసినంకనే తుడువు. చీటి ఏం చేస్తదో అనుమానం ఉందనుకో, గీత ముందర ఎకో పెట్టు. అప్పుడు పని చెయ్యదు. చేస్తే ఏం చేస్తుండెనో చెప్తది అంతే."

"మా మహేష్ సుత ఎకోనే సార్. గిన్నెలు తోముత అంటడు."

నాగేందర్ చాలాసేపు నవ్వాడు. నవ్వితే అతని భుజాలు రెండూ ఒకే ఎత్తుకు వస్తాయి.

"ఇంకోటి. పేర్ల నడుమ సందు ఉంటే కొటేషన్ గుర్తులల్ల పెట్టు. లేకపోతే అది రెండు ముక్కలు చేసుకుంటది. నాకు నర్సన్నలు నేర్పిండ్రు ఈ సంగతి."

"నర్సన్నలా?"

కంప్యూటరు వచ్చిన రెండో సీజనులో ముచ్చట అది. అప్పట్లో 'ఆగు'లో నంబర్లు లేవు, పేర్లే. చిన్న నర్సన్న ఇంట్లో పెళ్లని అతని పేరు రాసి, గుర్తులు పెట్టకుండా చీటీ నడిపాడు. యంత్రం చిన్నను వేరు చేసింది, నర్సన్నను వేరు చేసింది. జాబితాలో చిన్న అన్నవాళ్లందరినీ ఆపింది, నర్సన్న అన్నవాళ్లందరినీ ఆపింది. నాలుగు రోజుల పాటు ఫ్యాక్టరీకి ఒక్క నర్సన్న చెరుకూ రాలేదు. అయిదో రోజు పదకొండు మంది నర్సన్నలు గేటు ముందు నిలబడ్డారు. మా అందరికీ ఒక్కపారే ఏం రోగమొచ్చిందని ఆపినవ్ అని అడిగారు. పన్నెండో నర్సన్న పెళ్లిలో ఉండి రాలేకపోయాడు.

"అప్పటి సంది నంబరు రాస్త. పేరు హ్యాష్ గుర్తు తర్వాత రాస్త."

సంజన నవ్వు ఆపుకుంటూ ఆ ఫైలు తెరిచింది. ఒక్కో గీతలో రైతు నంబరు, తేదీ, రోజులు. దాని వెనక హ్యాష్ గుర్తు. గుర్తు తరువాత ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఆమె పైకి చదవసాగింది.

"బిడ్డ పెండ్లి, చేనుకు పోయే తోవల పందిరి ఏసిండ్రు. ఎద్దు సచ్చింది, మనిషి ఏడుస్తుండు. చెరుకుల తేనెతుట్టె ఉంది, ఈగలు పోయేదాక ఆగు. కోడలు కాన్పు, ఆడపిల్ల, మంచిగుంది..." ఆగి అతని వైపు తిరిగింది. "సార్, హ్యాష్ తర్వాత రాసింది యంత్రం చదవదు కద?"

"చదవదు."

"మరి ఏమిటికి రాసిండ్రు?"

"ఎన్ని రోజులు ఆపిన్నో నంబరు చెప్తది. ఎందుకు ఆపిన్నో ఎవరు చెప్పాలె? పక్క చేనాయన ఫోను చేసి, వానిదెందుకు ఆగింది, నాదెందుకు ముందుగాల వచ్చింది అని అడుగుతడు. ఆడపిల్ల పుట్టింది పటేలా అంటే, అట్లనా అని పెట్టేస్తడు. వట్టిగ నంబరు చెప్తే కొట్లాటకొస్తడు."

ఆమె ఆ ఫైలును ఎడిటరులో అలాగే తెరిచి ఒక పక్కకు పెట్టుకుంది. మధ్యాహ్నం అన్నం తింటూ చదివింది. చీటీ ఒకటి నడుస్తున్నంత సేపు చదివింది. మధ్యమధ్యలో, "సార్, రెండు వేల ఎనిమిదిల ఈ ముత్యం దొంగతనంగ పెండ్లి చేసుకున్నడా?" అని అడిగేది. నాగేందర్ కిటికీ వైపు తిరిగి, "చేసుకున్నడు. ఆ పిల్లది ఏర్గట్ల. ఇప్పుడు ఇద్దరు పిల్లలు," అని చెప్పేవాడు. ఇన్నేళ్లలో ఆ ఫైలును ఇంకొకరు చదవడం అతను చూడలేదు. చెవులు వెచ్చగా అయ్యాయి. మూడింటికి చాయ్ వస్తే తాగడం మరిచిపోయాడు.

నాలుగుంబావుకు టేబులు మీది ఫోను మోగింది. అది కీబోర్డు కాదు కనుక నాగేందరే తీశాడు. సాలూర నుంచి విష్ణు అనే రైతు.

"అన్నా, రేపు మాకు ఆర్డరు వచ్చేటట్టుంది కద. రానియ్యకు."

"ఏమైంది తమ్మీ?"

"మా అవ్వ పోయింది. పొద్దుగాల చెరుకుకు నీళ్లు పారిచ్చి వచ్చింది. చాయ్ తాగింది. గోడకు ఒరిగింది. నిద్రపోయిందనుకున్నం."

నాగేందర్ ఫోను పట్టుకునే లేచి నిలబడ్డాడు. "హన్మవ్వనా?"

"అవునన్నా. అక్క రావాలె పుణె నుంచి. రేపు పదింటికి తీస్తం."

ఫోను పెట్టేసి, విష్ణు తల్లి పోయిందని సంజనకు చెప్పాడు. నంబరు చెప్పలేదు, వెతుక్కోమన్నాడు. ఆమె గ్రెప్ అని కొట్టి హన్మవ్వ పేరు ఇచ్చింది. నల్ల తెర మీద అయిదు గీతలు వచ్చాయి, ఇరవై మూడేళ్లలో అయిదు.

మొగడు పోయిండు, చెరుకు ఇప్పుడు హన్మవ్వ పేరు మీద. బోరు ఎండింది, హన్మవ్వ వారం ఆగమంది. బిడ్డ పెండ్లి, పుణె ఇచ్చిండ్రు. హన్మవ్వ కాలు ఇరిగింది, అయినా ఫోను తానే చేసింది. మనుమని పుట్టెంటికలు, హన్మవ్వ అందరిని రమ్మన్నది.

ఇద్దరూ చదివారు. కిటికీ బయట ట్రాక్టరు హారన్ మోగింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

సంజన నంబరు చూసుకుంది. తేదీ కొట్టింది, పదకొండు కొట్టింది. దాన్ని 'ఆగు'లోకి పంపే బాణం గుర్తు పెట్టి ఎంటర్ నొక్కింది. ఏదన్నా కలిపాక గీతలు లెక్కపెట్టుకోవాలని పొద్దున అతనే చెప్పాడు. లెక్కపెట్టింది.

తెర మీద ఒకటి అని వచ్చింది.

ఒకటి. ఫైలు మొత్తానికి ఒక్క గీత. రెండు బాణాలు పెడితే ఫైలు చివర చేరుతుంది. ఒక్క బాణం పెడితే ఉన్నదంతా పోయి, కొత్తది మాత్రమే మిగులుతుంది. తొందరలో ఆమె ఒక్కటే పెట్టింది.

నాగేందర్ చేతులు వాటంతట అవే కీబోర్డు మీదికి లేచాయి. మధ్యలో ఆగాయి. వాటిని వెనక్కి తెచ్చి తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. రోజూ లిస్టు పోయాక 'ఆగు' కాపీ ఒకటి పక్క గదిలోని పాత కంప్యూటరులోకి వెళ్లేది. ఆ పాత కంప్యూటరును నిన్ననే హైదరాబాదువాళ్లు విప్పి తీసుకుపోయారు. ముట్టే ముందు కాపీ తీసుకో అన్నది నలభై కమాండుల కన్నా ముందు చెప్పవలసిన మాట. పొద్దుటి సంతోషంలో అదొక్కటే చెప్పడం మరిచాడు.

"తప్పు నాది బిడ్డా," అన్నాడు. "నీది కాదు. నేను చెప్పలే."

సంజన ముఖమంతా ఎర్రబడింది. చేయి నోటికి అడ్డం వచ్చింది, ఈసారి నవ్వు కోసం కాదు. ఆమె ఫోనులో మహేష్ మెసేజి వచ్చిన చప్పుడైంది. చూడలేదు. తెర వైపే చూస్తూ ఉన్నట్టుండి వీపు నిటారు చేసింది.

"సార్, నేను పొద్దటి సంది చదువుతున్న కద."

"ఏంది?"

"ఫైలు. బందు చెయ్యలే. ఇంకో విండోల అట్లనే ఉంది. ముత్యం పెండ్లి కాడ ఆపిన."

పక్కకు పెట్టిన ఎడిటరు విండోను ముందుకు తెచ్చింది. పొద్దున తెరిచిన ఫైలు మొదటి నుంచి చివరి దాకా అందులో కదలకుండా ఉంది. సేవ్ చేయమంది. నువ్వు తెరిచిన తరువాత ఈ ఫైలు మారింది, అయినా దీన్నే రాయమంటావా అని ఎడిటరు అడిగింది. ఆమె నాగేందర్ వైపు చూసింది. అతను తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. కళ్లు మూసుకున్నాడు. ఆమె అవును అని కొట్టింది.

లెక్కపెట్టింది. మూడు వేల ఎనిమిది వందల నలభై ఆరు.

"ఉన్నయి సార్. అందరున్నరు."

ఈసారి ముందు కాపీ తీసింది. పేరు వెనక తేదీ పెట్టింది. ఎవరూ చెప్పలేదు. హన్మవ్వ నంబరు, తేదీ, పదకొండు. రెండు బాణాలు పెట్టబోయి ఆగి, హ్యాష్ గుర్తు కొట్టింది. దాని తరువాత నిదానంగా రాసింది: హన్మవ్వ, చెరుకుకు నీళ్లు పారిచ్చి వచ్చి చాయ్ తాగి ఒరిగింది. రెండు బాణాలు. ఎంటర్. నలభై ఏడు.

మొదట ఎకో పెట్టి నడిపింది. రేపటి పేర్లు వరుసగా కనిపించాయి. హన్మవ్వ పేరు లేదు, ఆమె చోటికి రాజనర్సు పైకి వచ్చాడు. ఎకో తీసేసి మళ్లీ నడిపింది. అయిదుకు ఆరు నిమిషాలు ఉందనగా లిస్టు పోయింది.

పరమేశ్వర్ తలుపు దగ్గరి నుంచే అడిగాడు. "అయిందా? ముట్టలే కద అన్నా?"

నాగేందర్ తొడల కింది నుంచి చేతులు తీసి చూపించాడు. అరచేతుల మీద కుర్చీ అల్లిక అచ్చులు పడి ఉన్నాయి.

పరమేశ్వర్ ఆ చేతులు చూశాడు, ఆ పిల్ల ముఖం చూశాడు. "హైదరాబాదోళ్లకు చెప్త," అని ఫోను తీసుకుంటూ వెళ్లాడు.

తరువాత నాగేందర్‌కు రిటైర్‌మెంటు శాలువా కప్పారు. మిక్చర్ పొట్లాలు, చాయ్. చెరుకు ఫీల్డ్‌మెన్లలో ఒకరు మాట్లాడటానికి లేచి, నాగేందర్ అన్న మంచోడు అని, ఆపై ఏం చెప్పాలో తోచక కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గది ముందు నిలబడి నాగేందర్ టిఫిన్ డబ్బా, నిఘంటువు సంచిలో వేసుకున్నాడు. ఎండ చల్లబడింది. ఉమారాణికి ఫోను చేశాడు.

"అయింది. పిల్లనే తీసింది."

"శాలువ ఏం రంగు?"

"ఎరుపు. విను, రేపు పొద్దుగాల ఎనిమిదింటికల్ల తయారుండు. సాలూర పోదాం."

"సాలూరల మనకెవలున్నరు?"

నాగేందర్ గది లోపలి తెర వైపు చూశాడు. పెళ్లి అని రాశాడు, పుట్టువెంట్రుకలు అని రాశాడు, చావు అని రాశాడు. అయిదింటికి లిస్టు తీయాలని ఒక్క పెళ్లిలోనూ అక్షింతలు వేయలేదు. ఒక్క పాడె వెనకా నడవలేదు. హన్మవ్వ గొంతు ఇరవై మూడేళ్లుగా తెలుసు. మనిషి పొడుగో పొట్టో తెలియదు.

"హన్మవ్వ ఉంది. పదింటికి తీస్తరంట. అందరిని రమ్మన్నది ఒకపారి. నేను పోలే." సంచి భుజానికి తగిలించుకున్నాడు. "రేపు పోత."

మోపెడ్ దాకా వెళ్లాక వెనక నుంచి సంజన గట్టిగా పిలిచింది.

"సార్, మీ చెప్పులు! ఈడనే ఉన్నయి!"

"ఉండనియ్యి బిడ్డా. లోపటికి దుమ్ము రాకుంట ఏసుకుంటుంటి. నువ్వేసుకో."

"నాకు పెద్దగైతయి సార్!"

అప్పటికే మోపెడ్ స్టార్టయింది. గది గడప పక్కన నీలం రబ్బరు చెప్పుల జత గోడకు ఆనించి ఉంది. కుడి మడమ ఎక్కువ అరిగింది, వేళ్లు ఆనిన చోట అయిదు నల్లటి గుంటలు, మీద కొత్తగా రాలిన చెరుకు పిప్పి దుమ్ము సన్నగా.